గళ్ళ నుడికట్టు

శ్రీకాకుళము జిల్లా ఉత్తరభాగమున సముద్రతీరము వెంబడి ఉద్దానమను ప్రాంతము కలదు. ఉద్యానమను మాటయే జనుల నోట ఉద్దానమైనదని చెప్పుదురు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో ఆ నేల పచ్చగా నుండును. దానికి చేరువనున్న పలాస జీడిపప్పు వ్యాపారమునకు పేరుపొందినది. తోటలనుండి వచ్చిన గింజను అక్కడివారు జీడిపిక్క యందురు. పిక్కకు గట్టి పెంకు ఉండును. ఆ పెంకులో జీడినూనె యుండును. అది చేతికి తగిలినచో చర్మము పొక్కును. కావున పిక్కను తొందరపడి రాతితో పగులగొట్టరు. కాల్చియో, ఆవిరిపై ఉడికించియో, ఆరనిచ్చి, పిదప పెంకును ఒడుపుగా కోయుదురు. అప్పుడు లోపలి పప్పు విరుగక బయటికి వచ్చును. గుండు పప్పునకు ధర యెక్కువ, బద్దకు తక్కువ, ముక్కకు మరింత తక్కువ. పెంకును చూచి భయపడినవానికి పప్పు దక్కదు. పెంకును లక్ష్యపెట్టనివానికి చేయి కాలును. ఎక్కడ కోయవలెనో తెలిసినవానికే అది చిక్కును.

మాటలలో గూడ ఇట్టి పిక్కలు కలవు. పైకి ఒక అర్థము, లోపల మరియొక అర్థము గలిగి, చదువరిని నిలిపి పరీక్షించు వాక్యములు కలవు. అట్టి వాక్యములను ఆధారముగా జేసికొని, గళ్ళలో అక్షరములు నింపుచు ఆడు ఆటకు గళ్ళ నుడికట్టు అని పేరు. పదబంధ ప్రహేళిక యనియు దీనిని పిలుతురు. పత్రికలలో దీనిని చూడని బాలుడుండడు. కాని చూచినవారిలో పలువురు రెండు ఆధారములు చదివి, ఇది పండితుల పని యని పుట త్రిప్పుదురు. అది పొరపాటు. ఈ ఆటకు కొన్ని నియమములు కలవు. వానిని ఎరిగినచో ఎనిమిదవ తరగతి విద్యార్థియు దీనిని ఆడవచ్చును.

మన దేశమున ఇట్టి వినోదము క్రొత్తది కాదు. పల్లెలలో రాత్రివేళ అరుగుపై కూర్చుండి అవ్వ పొడుపుకథ వేయును; పిల్లలు విప్పుదురు. పొడుపుకథలో ఒక వస్తువు గుణములను వింతగా చెప్పి, ఆ వస్తువేదో కనుగొనుమందురు. సంస్కృతమున దీనికే ప్రహేళిక యని పేరు. సుమారు ఏడవ శతాబ్దివాడైన దండి తన కావ్యాదర్శమున 16 విధములైన ప్రహేళికలను పేర్కొనెను. పదముల సంధి వలన అర్థము మరుగుపడునది ఒకటి. ఒక అర్థమున ప్రసిద్ధమైన మాటను వేరొక అర్థమున వాడి భ్రమింపజేయునది మరియొకటి. మన పెద్దలు ప్రహేళికలలో అంతర్లాపి, బహిర్లాపి యని భేదము గూడ చూపిరి. జవాబు బయటినుండి తెచ్చుకొనవలసినది బహిర్లాపి. జవాబు ప్రశ్నలోనే దాగియున్నది అంతర్లాపి. తెలుగున 16వ శతాబ్దిలో పింగళి సూరన రాఘవపాండవీయమను కావ్యమును రచించెను. అందలి పద్యములు ఒక విధముగా చూడగా రామకథను, మరియొక విధముగా చూడగా భారతకథను చెప్పును. అవధాన సభలలో నిషిద్ధాక్షరి, దత్తపది, న్యస్తాక్షరి మున్నగునవి నేటికిని జరుగుచున్నవి. అక్షరమును పట్టి చూచు అలవాటు తెలుగువానికి పుట్టుకతోనే వచ్చినదనవచ్చును.

అయినను గళ్ళ రూపము మాత్రము పడమటినుండి వచ్చినది. 1913వ సంవత్సరము డిసెంబరు 21వ తేదీన న్యూయార్కు వరల్డు అను పత్రికలో ఆర్థర్ విన్ అను నాతడు వజ్రాకారముగల గళ్ళ పటమును ప్రకటించెను. అందు ఆధారములు సూటియైనవి. ఒక మాటకు అర్థమిచ్చి ఆ మాటను అడుగునవి. ఇంగ్లండున ఈ ఆట మరియొక దారి త్రొక్కెను. ఎడ్వర్డు పోయిస్ మాథర్స్ అను కవి 1926 మొదలు అబ్జర్వరు పత్రికలో టార్కెమాడా యను మారుపేరుతో గూఢమైన ఆధారములు కూర్చెను. ఆతని పిదప 1939 మొదలు డెరిక్ మాక్నట్ అను ఉపాధ్యాయుడు క్సిమనీస్ అను పేరుతో ఆ పనికి పూనుకొని, ఆధారము ఎంత గూఢమైనను న్యాయముగా ఉండవలెనని పట్టుపట్టెను. 1966లో ఈ విద్యను గూర్చి ఒక గ్రంథమును వెలువరించెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1942 జనవరిలో, లండనులోని డెయిలీ టెలిగ్రాఫు పత్రిక ఒక పోటీ పెట్టి, 12 నిమిషములలో గళ్ళన్నియు నింపగలవారిని పిలిచెను. అందు పాల్గొన్న కొందరిని తరువాత ప్రభుత్వము శత్రువుల రహస్యలిపిని విప్పు పనికి పిలిపించెను. వినోదముగా నేర్చిన సూక్ష్మదృష్టి అట్లు దేశసేవకు పనికివచ్చెను.

తెలుగున శ్రీశ్రీ, ఆరుద్ర యను కవులిరువురును ఈ నుడికట్టులను కూర్చుటయందు మక్కువ చూపిరి. ఇరువురును విశాఖపట్టణమున పుట్టినవారే. నేడును పత్రికలలో పలువురు వీనిని కూర్చుచున్నారు.

ఇక నేర్చుకొనువాడు మొదట తెలిసికొనవలసినది గడి సంగతి. ఇంగ్లీషున ఒక గడిలో ఒక అక్షరము వ్రాయుదురు. తెలుగున గుణింతముతో, ఒత్తుతో, సున్నతో గూడిన పూర్తి అక్షరము ఒక గడిలో నిలుచును. పలాస యను మాటకు మూడు గళ్ళు కావలెను: ప, లా, స. టెక్కలికి మూడు: టె, క్క, లి. సోంపేటకును మూడే: సోం, పే, ట. ఇచ్ఛాపురమునకు నాలుగు: ఇ, చ్ఛా, పు, రం. ఆధారము చివర కుండలీకరణములో నుండు అంకె ఈ గళ్ళ లెక్కను తెలుపును. ఎడమనుండి కుడికి పోవునవి అడ్డము మాటలు. పైనుండి క్రిందికి దిగునవి నిలువు మాటలు.

రెండవ సంగతి ముఖ్యమైనది. గూఢమైన ఆధారమున రెండు భాగములుండును. ఒక భాగము జవాబునకు అర్థమును తెలుపును. రెండవ భాగము జవాబులోని అక్షరములు ఎట్లు కూడినవో తెలుపును. మొదటిదానిని అర్థభాగమనియు, రెండవదానిని అక్షరభాగమనియు పిలువవచ్చును. అర్థభాగము సాధారణముగా ఆధారమునకు మొదటనో చివరనో ఉండును. ఈ రెండును తప్ప ఆధారమున మూడవది ఉండరాదని క్సిమనీసు మార్గమువారు నియమము చేసిరి. కావున ఆధారమును చదివినప్పుడు అది చెప్పు కథను నమ్మరాదు. ఆ కథయే పైపెంకు. అర్థభాగమెక్కడ ముగిసి అక్షరభాగమెక్కడ మొదలగుచున్నదో, అక్కడ కోయవలెను. ఉదాహరణములచేత ఇది స్పష్టమగును.

మొదటి విధము దాగిన మాట.

“చేపలా సముద్రపు లోపల దాగిన జీడిపప్పుటూరు (3)”

ఇది చదివినవాడు వెంటనే తీరమునకు పరుగెత్తును; బారువ యనునో, భావనపాడు యనునో ఆలోచించును. కాని ఆధారము ‘లోపల దాగిన’ అనుచున్నది. దేని లోపల? ‘చేపలా సముద్రపు’ అను అక్షరముల లోపల. చే-ప-లా-స-ము-ద్ర-పు అని విడదీసి చూడగా నడుమ పలాస వరుసగా కనబడును. జీడిపప్పుటూరు అను అర్థముతో అది సరిపోవును. సముద్రము ఒట్టి తెర. జవాబు మొదటినుండియు కన్నుల ఎదుటనే యున్నది. పెద్దలు అంతర్లాపి యన్నది ఇట్టిదే.

రెండవ విధము తిరుగుడు.

“తల తిరిగిన తీగ (2)”

తల తిరుగుట యనగా మైకము కమ్ముట యని లోకమున అర్థము. తీగకు మైకమేమి? ఇచట ‘తల’ అను మాటయే తిరుగవలెను. త-ల తిరుగగా ల-త. లత యనగా తీగ. అట్లే,

“మజా తిరుగబడినచో చేతికి వచ్చు పండు (2)”

మ-జా తిరుగగా జా-మ. తెలుగున తిరుగుడు అక్షరమునకు అక్షరముగా జరుగును గాని గుణింతము విడిపోదు. దీర్ఘము ‘జ’ తోడనే ప్రయాణము చేయును.

మూడవ విధము తారుమారు.

“తారుమారు వలన పెద్ద కథ (3)”

ఇది సాధారణ వాక్యమువలె నున్నది. ఏదో పొరపాటు జరిగి, దానివలన పెద్ద రచ్చ యైనదని తోచును. చదువరి ‘పెద్ద కథ’ను చూచును, ‘తారుమారు’ను చూచును. నడుమనున్న ‘వలన’ను చూడడు. అది విభక్తి ప్రత్యయము గదా, దానిలో ఏముండునని దాటిపోవును. కాని తారుమారు కావలసినది ఆ ‘వలన’యే. వ-ల-న అను మూడక్షరములను మార్చి పేర్చగా న-వ-ల. నవల యనగా పెద్ద కథ. ఈ యాటలో చిన్నమాట యని తీసివేయదగినది లేదు. ఒక్కొక్క అక్షరము కూలి తీసికొని పనిచేయుచుండును.

నాలుగవ విధము కూర్పు. రెండు ముక్కలను చేర్చి ఒక మాట చేయుట.

“పలాస తలకు నస తగిలినచో ముండ్లపండు (3)”

పలాస తల యనగా ఆ మాటలోని మొదటి అక్షరము, ‘ప’. దానికి ‘నస’ తగులగా పనస. ఉద్దానపు పెరళ్ళలో పనసచెట్టును ఎరుగనివారుండరు. మరియొకటి:

“వలకు పలాస చివర చిక్కగా పక్షుల దూరప్రయాణము (3)”

‘వల’కు పలాస చివరి అక్షరమైన ‘స’ చేరగా వలస. టెక్కలికి చేరువనున్న తేలినీలాపురమునకు ఏటేటా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వలస వచ్చి గూళ్ళు కట్టుకొనును. ఆ మాట పక్షులకు మాత్రమే పరిమితము కాదు. ఈ తీరపు మత్స్యకారులు పనికై గుజరాతులోని వేరావలు వరకు పోవుచున్నారు. వల ముందు, వలస వెనుక; రెండు మాటల నడుమ ఒక్క అక్షరమే దూరము.

ఐదవ విధము తలమార్పు.

“పప్పు తల మార్చుకొని పప్పులోనికే చేరును (2)”

‘పప్పు’ అను మాటకు మొదటి అక్షరము మారవలెను. నిప్పు, చెప్పు, కొప్పు, ముప్పు, ఉప్పు అని అనేకములు తోచును. వానిలో పప్పులోనికి చేరదగినది ఉప్పు ఒక్కటే. నౌపడ ఉప్పుమడులు చూచిన బాలునకు ఇది వెంటనే స్ఫురించును. అక్షరభాగము పలు ద్వారములు తెరచినప్పుడు ఏ ద్వారమున పోవలెనో అర్థభాగము చెప్పునని ఇందువలన తెలియుచున్నది.

ఆరవ విధము శ్లేష. ఇందు అక్షరభాగముండదు, దానికి బదులు రెండు అర్థభాగములుండును.

“రాలిన పిక్కలను ఇట్లు చేయుమందురు, మహేంద్రతనయవలె పారునది (2)”

చెట్టుక్రింద రాలిన జీడిపిక్కలను ‘ఏరు’ మందురు. మహేంద్రతనయ ఒక ‘ఏరు’. రెండు ప్రశ్నలకు జవాబొక్కటే.

ఇక గళ్ళు ఒకదానితో నొకటి ఎట్లు తోడ్పడునో చూడవలెను. పలాస యను మాటను అడ్డముగా వ్రాసినట్లు భావింపవలెను. దాని మొదటి గడియైన ‘ప’ నుండి ఒక మాట క్రిందికి దిగుచున్నది, అది ముండ్లపండు. దాని చివరి గడియైన ‘స’ వద్దకు ఒక మాట పైనుండి దిగి ముగియుచున్నది; అది పక్షుల ప్రయాణము. ఇప్పుడు ఒక విద్యార్థి ముండ్లపండు అని చదివి, తొందరపడి, అనాస యని వ్రాసెననుకొందము. అనాసకును ముండ్లున్నవి, అది మూడక్షరముల మాటయే, చివర ‘స’ గూడ ఉన్నది. కాని మొదటి గడిలో ‘ప’ ఉన్నది. ‘అ’ అందు నిలువదు. అంతేకాదు, ‘నస’ యను మాట అనాసలో లేదు. రెండు సాక్ష్యములు ఒక్కటై పనసయే జవాబని తీర్పు చెప్పును. తప్పును దిద్దుటకు గురువు రానక్కరలేదు, గళ్ళే దిద్దును.

ఈ సంగతి మిక్కిలి విలువైనది. ఇది తెలియకపోవుట వలన ఒకప్పుడు అనేకులు నష్టపోయిరి. స్వాతంత్ర్యము వచ్చిన తొలి సంవత్సరములలో మన దేశమున పదముల పోటీలు విరివిగా జరిగెను. ప్రవేశ రుసుము చెల్లించి గళ్ళు నింపి పంపినచో పెద్ద బహుమతులు వచ్చునని ప్రకటించెడివారు. చూచుటకు అవియు నుడికట్టులే. కాని వానిలో పెక్కింటియందు ఒక గడికి రెండు మూడు మాటలు సమానముగా సరిపోవుచుండెను. ముండ్లపండు అని మాత్రమే చెప్పి, నస సంగతి చెప్పకుండుటవంటిదది. పనస యని వ్రాసినవాడును, అనాస యని వ్రాసినవాడును సమానమైన తెలివి గలవారే. కాని నిర్వాహకులు ముందుగా ముద్రవేసి యుంచిన కాగితములో ఏ మాట యున్నదో దానిని వ్రాసినవానికే బహుమతి. అట్టిచోట గెలుపు జ్ఞానము వలన వచ్చినది కాదు. అదృష్టము వలన వచ్చినది. విద్య వేషము ధరించిన జూదమది.

ఆంధ్ర, మద్రాసు, బొంబాయి, ఒరిస్సా, హైదరాబాదు మున్నగు రాష్ట్రముల శాసనసభలు కోరిన మీదట భారత పార్లమెంటు 1955లో బహుమతి పోటీల చట్టమును చేసెను. నెలకు 1,000 రూపాయలకు మించి బహుమతులిచ్చు పోటీలను అది నిషేధించెను. ఒక పోటీకి 2,000 కంటె ఎక్కువ పత్రములు స్వీకరింపరాదనెను. నిర్వాహకులు సుప్రీంకోర్టునకు పోయిరి. 1957లో ఆ న్యాయస్థానము తీర్పు చెప్పుచు, ఆ చట్టము జూదమువంటి పోటీలకే వర్తించుననియు, ప్రధానముగా నేర్పుపై ఆధారపడిన పోటీలకు వర్తింపదనియు తేల్చెను. అదృష్టమును నేర్పును వేరుచేయు గీత యొకటి కలదని దేశపు అత్యున్నత న్యాయస్థానమే అట్లు చూపెను.

నుడికట్టు కూర్చువానికిని ఆ గీతయే ధర్మము. అతడు జవాబును దాచవచ్చును. సముద్రమున దాచవచ్చును, ప్రత్యయమున దాచవచ్చును, సామెతలో దాచవచ్చును. కాని మోసగింపరాదు. దాచుటకును మోసగించుటకును భేదమేమన, దాచినవాడు దారిని గూడ ఉంచును. మోసగించినవాడు దారిని చెరిపివేయును. మంచి ఆధారమునకు జవాబు దొరకినప్పుడు చదువరి ‘ఇది కావచ్చును’ అనడు, ‘ఇదియే’ అనును. ఇతరుని అడుగకయే తన జవాబు సరియని రుజువు చేసికొనగలుగుట ఈ విద్య ఇచ్చు బహుమానము. రూపాయల బహుమతికంటె అది పెద్దది. పరీక్షలో లెక్కను సరిచూచుకొను విద్యార్థికిని, సాక్ష్యమును తూచు న్యాయవాదికిని, విన్నమాటను వెంటనే నమ్మక విచారించు పౌరునకును కావలసిన గుణమిదియే.

ఈ యాట వలన మరియొక లాభము కలదు. ఈ ఆధారమును చూడుడు:

“కాలి వెనుక నుండునది, జీడిపండు క్రింద వ్రేలాడునది (2)”

మోకాలి క్రింద వెనుకవైపున నుండు కండను పిక్క యందురు. ఇది అందరెరిగినదే. జీడిపండు క్రింద వ్రేలాడు గింజను పిక్క యనుట పలాసలోను ఉద్దానములోను వాడుక. దూరపు జిల్లాలవాడు ఇచట సగమువరకు వచ్చి ఆగిపోవచ్చును. ఉద్దానపు బాలునకు రెండవ సగము అమ్మ నోట విన్న మాట. తన ఇంటి మాటను పల్లెటూరి మాట యని దాచుకొను బాలుడు ఆ గడిని ఖాళీగా విడిచిపెట్టును. దానిని గౌరవించువాడు నింపును. ఈ ప్రాంతమువాడే యైన గిడుగు రామమూర్తి 1863లో శ్రీముఖలింగమునకు చేరువనున్న పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై, జనులు పలుకు భాషకు గౌరవము కలిగించుటకై జీవితమంతయు పాటుపడెను. కొండలలోని సవరల భాషను నేర్చి, వారి మాటలను ఒక్కొక్కటిగా సేకరించి నిఘంటువు కూర్చెను. అది 1938లో అచ్చయ్యెను. ఏ మాటయు చిన్నది కాదని ఆయన జీవితము చెప్పుచున్నది. నుడికట్టును అదియే చెప్పుచున్నది.

క్రొత్తగా మొదలుపెట్టువాడు పాటింపవలసిన పద్ధతులు కొన్ని కలవు. కలముతో గాక పెన్సిలుతో వ్రాయవలెను. మొదటి ఆధారముననే పట్టుబట్టి కూర్చుండక, అన్నిటిని ఒకసారి చదివి, సులభమని తోచినదానితో మొదలిడవలెను. ప్రతి ఆధారమునను మొదటి మాటను గాని చివరి మాటను గాని అర్థభాగముగా భావించి చూడవలెను. తిరిగిన, తారుమారైన, దాగిన, తల, చివర, నడుమ, కడుపున అను మాటలు కనబడినచో అవి అక్షరములకు పని చెప్పుచున్నవేమో యని పరిశీలింపవలెను. గళ్ళలో ఒక మాట నిండగానే దానిని దాటిపోవు మాటలను మరల చదువవలెను. నిఘంటువును తెరచుట తప్పు కాదు. తెరచిన ప్రతిసారియు వెదకినదానికంటె ఎక్కువ మాటలు కంటబడును. ఇద్దరు ముగ్గురు కూడి ఆడినచో ఒకనికి వ్యవసాయపు మాట, ఒకనికి పురాణకథ, ఒకనికి వంటయింటి మాట తోచును. ఎంత ఆలోచించినను తెలియనిదానిని విడిచి, మరునాడు జవాబు వెలువడినప్పుడు, అది ఎట్లు వచ్చెనో వెనుకకు నడచి చూడవలెను. జవాబు చూచి మరచువానికి మరుసటి వారమును నేటి కష్టమే. కారణము చూచి గ్రహించువానికి గళ్ళు వారము వారము తేలికగును.

కొన్నాళ్ళు సాధన చేసిన పిదప తానే ఒక ఆధారమును కూర్ప ప్రయత్నించుట మంచిది. తన ఊరి పేరును తీసికొని, దానిని విడదీసి, తిప్పి, ఇతర మాటలలో వెదకి చూడవలెను. అప్పుడు ప్రతి దినము పలుకు పేరులోనే ఎన్ని మాటలు ఇమిడియున్నవో తెలిసి ఆశ్చర్యము కలుగును. చదువుట యనగా కన్నులతో అక్షరములపై పరుగిడుట కాదు. ప్రతి అక్షరము వద్దను నిలిచి, నీకిచట పనియేమి యని అడుగుట. జీడిపిక్కను కోయువాని చేతికి ఓర్పు ఎట్టిదో, చదువరి బుద్ధికి ఈ ప్రశ్న అట్టిది. దానిని అలవరచుకొన్నవానికి భాష తన పప్పును విరుగకుండ అందించును.

అభ్యాసము

ఈ క్రింది ఆధారములకు జవాబులు కనుగొనుడు. ఒక్కొక్కదానిలో అర్థభాగమేదో, అక్షరభాగమేదో వ్రాయుడు.

1. కడప తిరిగి వచ్చిన ప్రయాణికుడు కోరునది (3)

2. కవిటి చివర విడిచిన పద్యకర్త (2)

3. కలి కడుపున పడవ నడుము చేరగా అలలు లేచు చోటు (3)

4. మీ ఊరి పేరు గాని, మీ ఇంట వాడు వస్తువు పేరు గాని జవాబుగా వచ్చునట్లు ఒక ఆధారమును కూర్చి, అందు దాచినదేదో, దారిగా ఉంచినదేదో వివరింపుడు.